మొదటి లైను

“తమ్మీ, జర గిది సమజ్ చెయ్యి. రద్దయిన క్లెయిమును మల్ల తెరిస్తే, పాత తేదీ తీసుకుంటదా, కొత్త తేదీయా?”

జశ్వంత్‌కి ఒళ్ళు మండింది. పక్క సీటు పెద్దాయన ఇదే అడగడం పొద్దున్నించి ఇది నాలుగోసారి.

“కొత్త తేదీనండి. ఇందాకే చెప్పాను కదా!”

“అట్లెందుకైతది తమ్మీ?”

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసులో, ఏడో అంతస్తు కిటికీ పక్క వరుసని ‘బెంచి’ అంటారు. ప్రాజెక్టు లేనివాళ్ళు కూర్చునే చోటు. జీతం వస్తుంది, పని ఉండదు, అన్నం సయించదు. అరవై రోజుల్లో ప్రాజెక్టు దొరక్కపోతే, ‘మీ అంతట మీరే రాజీనామా చేయండి’ అంటూ మర్యాదగా ఓ మెయిలు వస్తుంది.

జశ్వంత్‌కి అది మొదటి ఉద్యోగం, బెంచి మీద నలభై ఎనిమిదో రోజు. కూకట్‌పల్లిలో వాళ్ళ నాన్న విశ్వేశ్వరరావు అప్పటికే కాలనీ అంతా స్వీట్లు పంచేశాడు.

పక్క సీటు రామచంద్రానిది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గోపన్‌పల్లి నుంచి స్కూటర్ మీద, డబ్బాలో జొన్నరొట్టె పెట్టుకుని వచ్చేవాడు. కుర్రాళ్ళు చాటుగా ‘అంకుల్’ అని నవ్వుకునేవారు.

కంపెనీ ఇద్దరికీ నేర్చుకోమని ఇచ్చింది కోబాల్ అనే ముసలి కంప్యూటర్ భాష, దాంతోపాటు ఇన్సూరెన్స్ పాఠాలు. జశ్వంత్ చదివేవాడు, రామచంద్రం అడిగేవాడు. చెప్పిందే చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడే పట్టుకునేవాడు. తెలియకపోతే ఇంటికెళ్ళి, చదువుకొచ్చి మరీ చెప్పాల్సొచ్చేది.

‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు’ అని విసుక్కునేవాడు జశ్వంత్.

పెద్దాయనకి ఇంకో చాదస్తం కూడా ఉండేది.

“ఏ ఫైల్ తెరిచినా మొదటి లైన్‌కెల్లి చదువాలె తమ్మీ. అందరు నడిమిట్ల దుంకుతరు.”

“పైన ఏముంటాయండీ, పేర్లూ తేదీలూ తప్ప?”

“అవ్ గని, చదువాలె.”

యాభయ్యో రోజున ప్రాజెక్టు లీడ్ రేణుక జశ్వంత్‌ని పిలిచింది. ఉన్నది ఒక్క సీటు. ఆమె అడిగిన ప్రశ్నలన్నీ రామచంద్రానికి చెప్పి చెప్పి నోటికొచ్చినవే. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఎంత అదృష్టం అనుకున్నాడు.

లేవబోతుంటే రేణుక ఆపింది.

“నీ పక్కనుండే రామచంద్రం గారి రెజ్యూమె కూడా నా దగ్గరుంది. ఇరవై రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అని రాసుకున్నారు. నిజమేనంటావా? ఈ ఊళ్ళో ఎక్స్‌పీరియన్స్ కూడా కిరాయికి దొరుకుతుంది.”

‘పిలిచి ఆయన్నే అడగండి మేడం’ అన్న మాట జశ్వంత్ నాలిక చివరిదాకా వచ్చింది. ఉన్నది ఒక్క సీటు. మింగేశాడు.

“బేసిక్స్ కూడా రోజూ నేనే చెబుతున్నాను మేడం.”

“అనుకున్నా,” అని ఆమె ఆ రెజ్యూమెని పక్కన పడేసింది.

సీటు జశ్వంత్‌కి వచ్చింది. మర్యాద మెయిలు రామచంద్రానికి వచ్చింది.

వెళ్ళిపోయే రోజు ఆయన డబ్బా సంచిలో పెట్టుకుంటూ అన్నాడు.

“రేణుక మేడం నా గురించి నిన్నడిగిందట గద తమ్మీ.”

జశ్వంత్ తల దించుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనూ సీటు తనదేనన్న ధీమా ఉంది.

“నిన్నడిగినంక నన్ను గూడ పిలుస్తరనుకున్న. పిలువలే. పోనీ తియ్... ఇంతకు ఏం ప్రాజెక్టు?”

“హాస్పిటల్ క్లెయిములండి. ఏదో పాత కంపెనీ నుంచి వచ్చిన కోడట.”

రామచంద్రం చేతిలో సంచి ఆగింది. తర్వాత నవ్వాడు.

“మంచిగ చూసుకో తమ్మీ. పైలం.”

ఉద్యోగం సంగతి చెబుతున్నాడనుకున్నాడు జశ్వంత్.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం క్లెయిములు ఉన్నట్టుండి ఆగిపోయాయి. డిశ్చార్జి అయిన పేషెంట్లు హాస్పిటళ్ళలోనే సంచులు పట్టుకుని కూర్చున్నారని ఫోన్ల మీద ఫోన్లు. కోడ్ చూస్తే ఎనిమిది వేల లైన్లు.

రేణుక తల పట్టుకుంది. “ఇది రాసినాయన ఎవరో దొరికితే కాళ్ళు మొక్కుతాను.”

“ఎవరు రాశారు మేడం?”

“ఎవరికి తెలుసు? ఎప్పటిదో!”

రెండు రోజులు జశ్వంత్ నడిమధ్యలో దూకి వెతికాడు. మూడో రోజు మధ్యాహ్నానికి తప్పు ఎక్కడుందో దొరికింది. రద్దయిన క్లెయిమును మళ్ళీ తెరిచే చోట. పాత తేదీయా, కొత్త తేదీయా?

తను నాలుగుసార్లు చెప్పిన జవాబు అక్కడ పనిచేయడం లేదు.

‘అట్లెందుకైతది తమ్మీ?’

పక్కనే ఎవరో అన్నట్టై తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మౌస్ పట్టుకుని ఫైల్ పైకి, ఇంకా పైకి పోయాడు. ఈ మూడు నెలల్లో ఒక్కసారీ చూడని మొదటి లైను దాకా.

అక్కడ, పద్నాలుగేళ్ళ కిందటి తేదీ పక్కన ఇంగ్లీషులో రాసుంది: ‘రాసినది జి. రామచంద్రం, తేదీల దగ్గర అనుమానం వస్తే మొహమాటపడకండి, పిలిచి నన్నే అడగండి.’