పాప ఒళ్లు చల్లగా ఉందట

"నూటొకటి. తీసుకోను," అంటూ ఆయా థర్మామీటరును తల్లి ముఖం ముందు పెట్టింది.

ఆ క్రెష్‌లో ఆయా మాటే శాసనం. జ్వరమున్న బిడ్డను గడప దాటనివ్వదు. ఎంత పెద్దవాళ్లతో ఫోను చేయించినా అంతే.

"అలా అనకండి ఆంటీ! కాన్పు సెలవు నిన్నటితో అయిపోయింది. ఇవాళ తొమ్మిదిన్నరకల్లా సంతకం పెట్టకపోతే నా సీట్లో వేరేవాళ్లను కూర్చోబెడతామన్నారు."

"సీటు కోసం జ్వరం బిడ్డను వదిలేసి పోతావా?"

ఆ మాట తల్లికి చురుక్కున తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "జ్వరం లేదండీ. ఇంట్లో పదిసార్లు ముట్టుకుని చూశా. ఒళ్లు చల్లగా ఉంది. అందుకేగా ఇన్ని తొడిగాను!"

ఆయా అప్పుడు పాపను తేరిపార చూసింది. ముక్కు తప్ప మరేమీ కనబడలేదు. బల్ల మీద పడుకోబెట్టి విప్పడం మొదలుపెట్టింది. శాలువా, ఉన్ని టోపీ, స్వెట్టరు, దాని కింద ఇంకో స్వెట్టరు, రెండు జతల మేజోళ్లు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలవగా ఒలవగా, చివరికి పల్చటి చొక్కాలో పాప దొరికింది. మెడ వెనక చెమట కారుతోంది.

"ఎండ మాడ్చేస్తుంటే బిడ్డను ఇలా మూట కడతారా తల్లీ? ఇది బట్టల వేడేమో. పావుగంట ఆగి మళ్లీ చూద్దాం. అప్పటికీ దిగకపోతే నిజం జ్వరమే. నేరుగా డాక్టరు దగ్గరికి పో."

ఆ పావుగంటా పాపం, తల్లి గడియారాన్నీ పాపనూ మార్చి మార్చి చూస్తూ గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. పాప మాత్రం కాలి బొటనవేలు నోటికి అందించుకునే పనిలో పడింది.

థర్మామీటరు కీచుమంది. తొంభై ఎనిమిదిన్నర.

"హమ్మయ్య!" తల్లికి ప్రాణం లేచొచ్చింది. వంగి పాప బుగ్గలు నిమిరింది. "ఆ ఫ్యాను ఆపేయండి ఆంటీ. చూడండి, మళ్లీ ఎంత చల్లబడిపోయిందో!"

ఆయా పాప పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. గోరువెచ్చగా, ఉండాల్సినట్టే ఉంది. నొసలు చిట్లించి ఈసారి తల్లి మణికట్టు పట్టుకుంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, థర్మామీటరు తుడిచి చంకలో పెట్టింది.

"నాకెందుకండీ? టైమైపోతోంది!"

"కదలకు."

మళ్లీ కీచుమంది. ఆయా అంకె చూసింది. గొంతులో కరుకుదనమంతా పోయింది.

"మీ ఆఫీసుకు నేను ఫోను చేసి చెప్తాలే. పాపను నేను చూసుకుంటా, నువ్వు డాక్టరు దగ్గరికి పో. నూటమూడు జ్వరంతో కాలిపోతున్న చేతికి ఏ బిడ్డయినా చల్లగానే తగులుతుందమ్మా!"