పసివాళ్ళ కంచె

గుమస్తా కాశీవిశ్వనాథం వెదురు కంచె సందులో మళ్ళీ పిడికిలి పెట్టి చూశాడు. దూరింది.

"విప్పెయ్," అన్నాడు.

వడ్రంగి దాలయ్య ఉలి కింద పెట్టాడు. "బాబూ, ఇందులోంచి పిల్లి కూడా దూరదు."

"పిల్లి ఎలా పోతే నాకేం? పిల్ల తల ఇరుక్కోకూడదు."

1968 ఎండాకాలం. నెల్లిమర్లకి ఆవల ఓ చిన్న గోనెసంచుల మిల్లు. పనిలోకి వచ్చే తల్లులు పసివాళ్ళని యంత్రాల పక్కనే పడుకోబెట్టేవారు. వాళ్ళకో గది కట్టి, ఆడుకోడానికి కంచె వేసిన జాగా ఒకటి పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని ఈ మధ్యే మిల్లులో చేరిన కాశీవిశ్వనాథం నెత్తిన పడింది.

పడ్డవాడు ఊరుకోలేదు. ఇసక తనే జల్లెడ పట్టాడు. గుంజలకి గోనెపట్టా చుట్టించాడు. లక్కబొమ్మలు వస్తే, నోట్లో పట్టేంత చిన్నవన్నీ వెనక్కి పంపాడు. మిగిలిన గిలక్కాయల్ని ఒక్కొక్కటే నాకి, రంగు అంటిందేమోనని అద్దంలో నాలుక చూసుకున్నాడు.

ఆయాగా కుదిరిన ముసలి జగ్గమ్మ బుగ్గలు నొక్కుకుంది. "పిల్లల్లేనోడికి ఇన్ని సోద్యాలేటే?" అని నార వడికే గౌరితో అంది. గౌరి తల వంచుకుని నార సర్దుకుంది.

రూలు దగ్గర మాత్రం గుమస్తా కొరకరాని కొయ్య. తల్లి మిల్లులో పనిచేస్తేనే బిడ్డకి చోటు. మేనేజరు గారింటి వంటావిడ కూతుర్ని తెస్తే గుమ్మంలోంచే పంపేశాడు. ఈయన దయ కంచె వరకేనని కూలీలు తేల్చేశారు.

గది తెరిచిన కొన్నాళ్ళకి తనిఖీ అధికారి కమలాదేవి వచ్చింది. ఇసక ముట్టుకుంది. కంచె ఊపి చూసింది. వంక దొరకలేదు. వంక దొరకని తనిఖీ ఏ అధికారికైనా కష్టమే. చివరికి ఓ మూల పక్కపక్కనే పాకుతున్న ఓ ఆడపిల్ల, ఓ మగపిల్లాడి మీద ఆవిడ చూపు నిలిచింది.

"వీళ్ళెవరి పిల్లలు?"

గౌరి ముందుకొచ్చింది. "నావోళ్ళేనమ్మా."

"కవలలా?"

"కాదమ్మా. గుంటని నాను కన్నాను. గుంటడిని కొన్నాను."

కమలాదేవి కళ్ళజోడు తీసింది.

"సేరు తవుడిచ్చి కొన్నానమ్మా. ముందు పుట్టినోళ్ళు బతకలేదని ఆ తల్లి నాకు అమ్మేసింది. ఏడాది నిండినాక మళ్ళీ కొనుక్కుంటాది. అందాకా కన్నోళ్ళు 'మా బిడ్డ' అని నలుగురిలో సెప్పకూడదు. సెప్తే దక్కడు."

"ఆ కన్నతల్లి మిల్లులో పనిచేస్తుందా?"

"నేదమ్మా."

"అయితే వాడికిక్కడ చోటు లేదు." కమలాదేవి గుమస్తా వైపు తిరిగింది. "రూలు మీకు తెలీదా?"

గౌరి గుంటడిని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. ఇక్కడ కాదంటే మళ్ళీ యంత్రాల పక్కనే పడుకోబెట్టాలి. వంటావిడ కూతురికి పట్టిన గతే వీడికీ అనుకుని జగ్గమ్మ కళ్ళు తుడుచుకుంది.

కాశీవిశ్వనాథం ఓ అడుగు ముందుకేశాడు. "తవుడు పుచ్చుకున్నాక బేరం తెగినట్టేనండి. కొన్నావిడే తల్లి. ఆ తల్లి మిల్లులో పనిచేస్తోంది. రూలు ప్రకారం వాడు ఇక్కడే ఉండాలి."

"సేరు తవుడిస్తే తల్లైపోతుందా?"

"మా వైపు అంతేనండి."

ఆ మాటంటూ అతను చూపు నేలకి దించుకున్నాడు. అధికారికి ఎదురు చెప్పడం అలవాటు లేక అనుకున్నారు.

కమలాదేవి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, గౌరి గుండెకి కరుచుకున్న గుంటడిని చూసింది. "సరే, ఉండనివ్వండి," అని జీపెక్కింది. ఆడకూలీలు ఆ పూట గుమస్తాని నోరారా దీవించారు.

సాయంత్రం కాశీవిశ్వనాథం ఇంటికెళ్ళి, తలుపు గడియ వేసి, పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్న భార్య చెవిలో మెల్లిగా చెప్పాడు: "మన బాబుకి కింది పన్ను వచ్చిందే."