గెలిచినోడే కేజ్ ఎక్కాల

జేవియర్ ఆ రోజు కూడా ఓడిపోయాడు. వరసగా నలభై ఒకటోసారి.

జూలియా తల పట్టుకుంది. ఇంకా ఓడటానికి ఆ ఆటలో ఏం మిగిలిందని? ఓడటం కుదరనంత తేలిగ్గా దాన్ని మార్చిందే తను. నాన్నను గెలిపించడానికే మార్చింది.

అసలు ఆట ఆమెది కాదు. లోకమంతా పోటీలు పెట్టుకుని ఆడే కొట్లాట వీడియో గేమ్. అందులోని కరాటే వీరుల్ని తీసేసి, తమకు నచ్చిన మనుషుల్ని పెట్టుకునే పిచ్చి కొందరికి ఉంటుంది. అలా మార్చిన ఆటను మాడ్ అంటారు. జూలియాకు ఆ పిచ్చి ముదిరింది. పగలంతా కేజీఎఫ్ దగ్గరి నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో నట్లు బిగిస్తుంది. కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరగానే కంప్యూటరు ముందు కూలబడుతుంది.

ఆమె మాడ్‌లో కొట్లాట జరిగేది కేజీఎఫ్ బంగారు గని లోపల. మైను మూతపడక ముందు తీసిన షిఫ్టు ఫోటో ఒకటి ఇంటి గోడకు ఉంది. పన్నెండు మంది, తలకు టోపీలు, టోపీలకు దీపాలు. అందులోంచి నాన్న ముఖం తీసుకుంది. నాన్న పక్కనే పెద్ద మీసాలతో ఒకాయన నిలబడి ఉన్నాడు. విలన్‌కు ఇంతకన్నా మంచి ముఖం దొరకదనుకుని ఆయన్ని నాన్నకు ఎదురు నిలబెట్టింది.

పద్ధతులన్నీ గనివే. దిగేముందు ఇద్దరూ బోర్డు మీంచి తమ తమ ఇత్తడి టోకెన్ తీసుకుంటారు. టోకెన్‌ను బట్టే హాజరు; అది తిరిగిరాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. గెలిచినవాడు కేజ్ అనే ఇనుప లిఫ్టులో పైకొచ్చి టోకెన్ మళ్ళీ తగిలిస్తాడు. ఓడినవాడు లోపలే చీకట్లో ఉండిపోతాడు.

జేవియర్ ఊపిరితిత్తుల నిండా ఆ గని దుమ్మే. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. ఆ మాటకు అర్థమేమిటో కేజీఎఫ్‌లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన నోరు విప్పి నెల దాటింది. ముద్ద ముట్టడు. సాయంత్రం ఒక్క ఆట ఆడతాడు, ఓడతాడు, ఆ తర్వాత రెండు గుక్కలు రాగి అంబలి తాగుతాడు. అంతే.

ఓడితేనే రెండు గుక్కలు తాగే మనిషి, గెలిస్తే కడుపునిండా తినడా? జూలియా ఆశంతా దాని మీదే.

నాన్న దెబ్బకు బలం పెంచింది. ఓడాడు. మీసాలాయన బలం సగానికి కోసింది. ఓడాడు. డ్రిల్లు పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు పాపం అనుకుని, ఒక్క బటన్ నొక్కితే చాలేలా మార్చింది. అయినా తెర మీది నాన్న నిలబడ్డచోట నిలబడే దెబ్బలు తిన్నాడు. పైగా ఓడాక టీవీ ఆపనివ్వడు. మీసాలాయన కేజ్ ఎక్కి, పైకొచ్చి, టోకెన్ తగిలించేదాకా కళ్ళార్పకుండా చూస్తాడు. పుండు మీద తనే కారం చల్లుకునే మనిషిని ఏం చేయాలి?

ఫ్యాక్టరీలో పక్కన పనిచేసే గాడ్విన్ ఆ మాడ్ ఆడి చూసి నవ్వాడు. "కండ్లు మూసుకోని ఆడినా మీయప్పే గెలుస్తాడక్కా. ఓడాలంటేనే కష్టపడాల."

జూలియాకు ఒళ్ళు మండింది. అంటే నాన్న చేతులు అంతగా చచ్చుబడ్డాయా? జ్వరమొచ్చినా షిఫ్టు మానని మనిషే! మొత్తం సర్వీసులో ఒక్కరోజు నాగా పెట్టాడని, అదీ జూలియాకు చర్చిలో జ్ఞానస్నానం చేయించిన రోజని, అయినా ఆ రోజు కూడా రిజిస్టర్లో హాజరు పడిందని అమ్మ ఫిలోమినా బతికున్నప్పుడు చెప్పేది. అంతవరకు చెప్పి ఎందుకో మాట మార్చేసేది.

ఆదివారం జూలియా ఆటను తొమ్మిదోసారి మార్చింది. ఈసారి మీసాలాయన చెయ్యెత్తడు. పది లెక్కపెట్టేలోగా తనంతట తనే కూలిపోతాడు. నాన్న వేలు కూడా కదపక్కర్లేదు. ఇది మోసమే. కానీ పోయేవాడికి ఒక్క ముద్ద పెట్టుకోవడానికి మోసమేమిటి, న్యాయమేమిటి?

రాగి ముద్ద కెలికి, చారు కాచి, పళ్ళెం పక్కన పెట్టుకుని నాన్న చేతికి కంట్రోలర్ ఇచ్చింది.

"ఈ పొద్దు గెలుస్తావప్పా. గెలిచినాక ముద్ద తినల్ల, సరేనా?"

జేవియర్ ఎప్పటిలాగే కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. మీసాలాయన మోకాళ్ళ మీద కూలాడు. బోర్లా పడ్డాడు. టోపీ మీది దీపం ఆరిపోయింది. జేవియర్ గెలిచాడని తెర మీద అక్షరాలు పడ్డాయి. కేజ్ వచ్చి ఒక్కణ్ని ఎక్కించుకుపోయింది. బోర్డు మీదికి ఒక టోకెన్ తిరిగొచ్చింది. రెండోది రాలేదు.

జూలియా చప్పట్లు కొట్టింది.

జేవియర్ ఒళ్ళోంచి కంట్రోలర్ జారిపడింది. మంచం దిగి, గోడ పట్టుకుని, టీవీ దాకా ఈడ్చుకుంటూ పోయాడు. పడిపోయిన మనిషి మీద అరచెయ్యి పెట్టి తడిమాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని జూలియా పళ్ళెం తీసుకుని దగ్గరికెళ్ళింది. ఆయన పళ్ళెం పక్కకు నెట్టేశాడు. నెల తర్వాత మొదటిసారి నోరు తెరిచాడు, ఒక్కో మాటకు ఊపిరి వెతుక్కుంటూ.

"నీ జ్ఞానస్నానం పొద్దు నా టోకెన్ ఎత్తుకోని, నా బదులు దిగి, మళ్ళా పైకి రానోడమ్మా ఈ రూబెను... దినామూ వాణ్ని పైకి తెచ్చుకుంటా ఉంటి."