గుమ్మంలో దులిపిన బట్టలు

బడి వంటశాల మరుగుదొడ్డిలో ఎర్రలైటు వెలిగేసరికి వంటమనిషి నూకరత్నం లోపలి తలుపు తోసి చూసింది. ఇప్పుడు ఏ పనిచోటైనా ఇదే హాజరు. పొద్దున్నే ఒంటేలు పోస్తే పచ్చలైటు వెలగాలి, అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంటుంది.

“మత్తుమందు జాడ తేలిందమ్మా,” అన్నాడు సూపర్‌వైజరు. “ఏం వాడుతున్నావు?”

“తలనొప్పికి బిళ్ల కూడా ఎరగను బాబూ.”

లైటు అబద్ధమాడదని ఆమెను పంపేశారు. ఎరుపు పడ్డ మనిషికి ఇక ఊళ్లో ఏ తలుపూ తెరుచుకోదు.

దారిలోనే ఆమెకు తట్టింది. మొగుడు సన్యాసిరావు మత్తు ఉండే నొప్పిమందుల కంపెనీలో పొడి కలుపుతాడు. అక్కడ మాస్కు పెట్టుకుంటాడు గనక అతనికి రోజూ పచ్చలైటే. అతని బట్టలు నానబెట్టేముందు గుమ్మంలో గట్టిగా దులపడం ఈమెకు అమ్మ నేర్పిన అలవాటు. ఆ తెల్లటి దుమ్మంతా ఇన్నాళ్లూ ఈమె ముక్కులోకే పోయింది.

అతనికి చెబుదామంటే నోట్లో నువ్వుగింజ నానదు. కంపెనీలో వాగేస్తాడు, పొడి గేటు దాటించాడని అతన్నీ తీసేస్తారు. అందుకే సాయంత్రం అతను వచ్చి ఎర్రలైటు ఎందుకు పడిందని అడిగితే, “ఏటో మరి, నాకేటి తెలుసు,” అని లోపలికెళ్లి అన్నం పొయ్యిమీద పెట్టింది.

కాసేపటికి గుమ్మంలో బట్ట ఫట్‌మన్న చప్పుడైంది. ఆమె పరుగెత్తుకొచ్చింది.

“ఈయేల నువ్వు కూకో. నేనే ఉతుకుతాన్లే,” అన్నాడు సన్యాసిరావు, అచ్చం ఆమెలాగే చొక్కా దులుపుతూ.

అతని మీసం అప్పటికే తెల్లబడింది.