పేరు అడగని ఇల్లు

"సెక్యూరిటీ సర్టిఫికెట్టా? దానికి పరీక్ష ఎందుకే! ఓ కర్ర, ఓ టోపీ ఉంటే చాలు, బ్యాంకు గుమ్మం ముందు నిలబెడతారు," అన్నాడు తొలొగొన్ మామయ్య, నూనెలో వేయించిన వేడి వేడి బోర్సోక్ రొట్టెముక్కని మీగడలో ముంచుతూ.

"అది వేరు, ఇది వేరు మామయ్యా. కంప్యూటర్లలోకి దొంగలు జొరబడకుండా చూడటం," అంది జీపార్.

"అంటే కాపలాయేగా! నేనన్నదీ అదేగా!"

జీపార్‌కి ఒళ్ళు మండింది. ఆఫీసు వాళ్ళు ఒక్క పరీక్షకే ఫీజు కడతామన్నారు. ఏ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ జట్టులో ఉద్యోగం. సాయంత్రం ఆరులోపు ఏదో ఒకటి ఎంచుకుని బటన్ నొక్కెయ్యాలి. ఆమె ప్రాణమంతా సెక్యూరిటీ మీదే ఉంది. అందులోకి వెళ్ళాలంటే ఆ జట్టు పెద్ద కూడా సరేననాలి. ఇంట్లోవాళ్ళకేమో క్లౌడ్ కావాలి. క్లౌడ్ అంటే ఏమిటో వాళ్ళకి తెలిస్తే ఒట్టు. మామయ్య కొడుకు ఆ సర్టిఫికెట్‌తో రాజధాని బిష్కెక్ నడిబొడ్డున ఫ్లాట్ కొన్నాడని మాత్రం తెలుసు.

"మామయ్య నీ మంచికే చెబుతాడమ్మా..." అని తల్లి అందుకునేలోగా తలుపు తోసుకుని, నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన సలాం చెబుతూ లోపలికొచ్చాడు.

తమ్ముడు తొలొగొన్ స్నేహితుడు కాబోలనుకుంది తల్లి. అక్క పిలిచిన చుట్టం కాబోలనుకున్నాడు మామయ్య. అయినా వచ్చినవాడు రొట్టె విరిచి, టీ తాగకముందే "ఎవరు మీరు?" అని నిలదీస్తే ఇక అది ఇల్లెలా అవుతుంది?

"రండి బైకె, పైకి రండి," అని పెద్దన్నని పిలిచినట్టు పిలుస్తూ గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట పరుపు వేసి కూర్చోబెట్టారు. ఆయన ఫోను తీసి కళ్ళు చిట్లించాడో లేదో, "ఇక్కడ సిగ్నల్ ఉండి చావదు బైకె, మా వైఫై పెట్టుకోండి," అని తల్లి పాస్‌వర్డ్ గడగడా చెప్పేసింది. జీపార్ తన ల్యాప్‌టాప్ వైపు ఓసారి చూసింది. సగం కప్పు టీ పోసి వినయంగా అందించింది.

"నేను రాగానే మాట ఆపేశారే? ఏమిటి సంగతి?" అన్నాడాయన.

అడగడమే తడవు, మామయ్య పూస గుచ్చినట్టు అంతా చెప్పాడు. "పెద్దవారు, సమయానికి దేవుడిలా వచ్చారు. ఇక మీరేం చెబితే అదే," అని ముగించాడు.

"నీకు సెక్యూరిటీయే ఎందుకమ్మా?"

"దొంగ ఎటునుంచి వస్తాడో ముందే కనిపెట్టడం నాకు మహా సరదా బైకె."

ఆయన మీసం దువ్వుకున్నాడు. గది అంతా ఒకసారి కలయజూశాడు. "ఈ పిల్లకి క్లౌడే మేలు," అని అరచేతులు పైకెత్తి దీవించాడు.

"ఓమీన్!" అని తల్లి, మామయ్య అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. పెద్దవాళ్ళ దీవెన పడ్డాక ఇక దానికి తిరుగులేదు. జీపార్ కెటిల్ అందుకుని ఆయన కప్పు అంచుదాకా నింపింది.

తల్లి గబుక్కున కెటిల్ లాక్కుంది. నిండా పోస్తే "ఇక దయచెయ్యండి" అన్నట్టే కదా! "జీపార్! అదేం పనే!"

ఆయన మాత్రం పకపకా నవ్వాడు. "కోప్పడకండి. రొట్టె తిన్నాను, టీ తాగాను, ఇప్పుడు చెప్పొచ్చు. మీ అమ్మాయి ఆఫీసులో సెక్యూరిటీ జట్టుకి మనుషుల్ని ఎంచుకునేది నేనే. ఇంట్లో కూర్చుని పనిచేసే పిల్ల కదా, ఇల్లెంత భద్రమో చూద్దామని చెప్పకుండా వచ్చాను. నేనెవరో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పైగా అడక్కుండానే వైఫై ఇచ్చేశారు. దాని మీదే కదా ఆఫీసు పనంతా నడిచేది! నేను దొంగనైతే ఏం గతి? సొంతిల్లే కాసుకోలేని పిల్ల ఆఫీసునేం కాస్తుంది?"

"అయ్యో రాత! టీ అయినా తాగకముందే ఎవరని ఎలా అడుగుతాం బైకె!" అని తల్లి బుగ్గలు నొక్కుకుంది.

"మీకు అమ్మ ఇచ్చింది నా పని లైను కాదు బైకె," అంది జీపార్. "గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ పాస్‌వర్డ్ చెప్పడం అమ్మకి అలవాటు. ఆవిణ్ణి మార్చడం నా తరమా? అందుకే వచ్చేపోయేవాళ్ళ కోసం ఓ లైను విడిగా పెట్టాను. అందులో ఎన్ని పాటలైనా వినండి. నా పనిలోకి మాత్రం తొంగి చూడలేరు."

ఆయన ఫోను తీసి చాలాసేపు అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. చివరికి ఓడిపోయిన కుర్రాడిలా నవ్వేశాడు.

"నా దీవెన వెనక్కి తీసుకోవచ్చా?"

"వెనక్కి తీసుకునే ఆచారం లేదు," అన్నాడు మామయ్య గంభీరంగా. "కావాలంటే ఇంకోటి ఇవ్వండి."

ఆయన మళ్ళీ అరచేతులెత్తాడు. "సెక్యూరిటీ!"

"ఓమీన్!" అని అందరికంటే ముందు అరిచింది మామయ్యే. "కర్ర కూడా ఇప్పించండి!"

జీపార్ ఎగిరి గంతేసినంత పని చేసి, వెళ్ళి బటన్ నొక్కింది.

ఆయన గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ వేలు చూపించాడు. "ఒక్క లోటు మాత్రం దిద్దుకోవాలి సుమా! లోపలికొచ్చిన మనిషి ఎవరో తెలుసుకోకుండా వదలకూడదు. ఇంతసేపు కూర్చున్నాను. నా పేరేమిటో నీకు ఇప్పటికీ తెలీదు."

"అతిథిని పేరడగడం తప్పు కదా, సబీర్‌బెక్ బైకె!" అంది జీపార్. "ఫోనుకి మీ పేరే పెట్టుకున్నారుగా! అందుకే మీరు మా లైనెక్కగానే దాన్నే అడిగేశాను."