శనివారం సేవ

"కౌశిక్‌ది అభిమానం కాదమ్మా, అప్లికేషన్!" అంది భవిత.

ఉమామహేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక్కగానొక్క కూతురు. యూనివర్సిటీలో మధ్యయుగాల యూరప్ చరిత్ర చదువుతోంది. ప్రతి వీకెండ్ అమెరికాలో, ఆల్ఫారెట్టా ఊళ్ళోని ఇంటికొచ్చి తల్లి ప్రాణం తోడేస్తుంది.

"మధ్యయుగాల్లోనూ సేమ్ ఇంతే. ప్రభువుకి కోట ఉంటుంది. కుర్ర వీరుడికి గుర్రం తప్ప ఏమీ ఉండదు. అందుకని ప్రభువు భార్య మీద పాటలు కడతాడు. నువ్వే నా ప్రాణం అంటాడు. వాడికి కావాల్సింది ఆవిడ కాదు, ప్రభువిచ్చే భూమి."

"ఛీ! ఇంకొకడి పెళ్ళాం మీద పాటలా? మా ఏలూరులో అయితే చెప్పు తెగేది."

"ఇక్కడ ప్రభువు నాన్న. భూమి గ్రీన్ కార్డ్. ఆవిడ నువ్వు."

భర్త పద్మనాభం గారి కన్సల్టింగ్ కంపెనీలో కౌశిక్ ఉద్యోగి. వాడి గ్రీన్ కార్డ్‌కి ఏనాడో అప్లై చేసిందీ ఆ కంపెనీయే. మూడేళ్ళుగా శనివారం ఠంచనుగా వస్తాడు. ఉమామహేశ్వరిని ఇండియన్ షాపుకి తీసుకెళ్తాడు. బియ్యం బస్తా మోస్తాడు. ఆవిడ కీర్తన పాడితే కళ్ళు మూసుకుని మరీ వింటాడు. పద్మనాభం గారైతే ఆ సమయానికి గరాజ్‌లోకి పారిపోతారు.

మగపిల్లల్లేని ఆవిడకి కౌశిక్ అంటే ప్రాణం. భవితకి ఒళ్ళుమంట. వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే పైకెళ్ళి తలుపేసుకుంటుంది.

"పందెం వేస్తావా? గ్రీన్ కార్డ్ వచ్చాక మనింటి గడప తొక్కడు," అంది.

"తొక్కుతాడే! తొక్కిన రోజు వాడేది అడిగితే అది ఇస్తాను. నా మీద ఒట్టు!"

జూన్‌లో కార్డ్ వచ్చింది. ఆ శనివారం కౌశిక్ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఉమామహేశ్వరి గుత్తివంకాయ వండి, ముద్ద దిగక, సింక్ దగ్గర నిలబడి ఏడ్చింది. బస్తాల సంగతి అటుంచితే, తన పాట విన్నది కూడా నటనేనా అని ఆవిడ బాధ.

మూడో శనివారం బెల్ మోగింది. గుమ్మంలో కౌశిక్! ఇస్త్రీ చొక్కా, చేతిలో మల్లెమొక్క, మొహం నిండా చెమటలు.

"ఏమే భవితా! వచ్చాడే! అభిమానమంటే ఇదీ, పో, రాసుకో నీ పుస్తకాల్లో!" ఆవిడ అరుపుకి ఇంటికప్పు అదిరింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇన్నాళ్ళూ ఏమైపోయావురా?"

"రెండుసార్లు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయానాంటీ. ధైర్యం చాల్లేదు."

"నా దగ్గర ధైర్యమేమిటి నాయనా? ఏం కావాలో అడుగు. ఒట్టేశాను, ఇచ్చి తీరతాను."

కౌశిక్ మల్లెమొక్క ఆవిడ చేతిలో పెట్టి మెట్లవైపు చూశాడు.

"నన్నే అడుగుతాడమ్మా! గ్రీన్ కార్డ్ కోసం ప్రేమించాడని ఎవరూ అనకూడదని, అది వచ్చేదాకా మూడేళ్ళూ నేనే ఆపాను. నీ చేత ఒట్టేయించిందీ అందుకే," అంటూ భవిత మెట్లు దిగొచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.