ముందుగది ప్లగ్గు

ఇన్వర్టర్ మీద పనిచేసే ప్లగ్గు ఆ ఇంట్లో ఒక్కటే. అది ముందుగదిలో ఉంది. దాని కోసమే అత్తాకోడళ్లకు పొద్దుటినుంచీ మాటా మాటా.

ఫోన్ చార్జింగ్ అయిపోతోందని అత్త హుస్సేన్‌బీ గొణుగుతోంది. ఇంకా రెండు గీతలున్నాయని కోడలు నౌషీన్ అంటోంది.

ముందుగదిలో ఉన్నది ఆంధ్రామె. పెళ్లికని హైదరాబాద్ నుంచి కోరుట్ల వచ్చింది. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయి ఇరుక్కుపోయింది. పెళ్లివారిల్లు ఇరుకని హుస్సేన్‌బీ భర్త ఫజలుద్దీన్ తన ఇంట్లో గది ఇచ్చాడు. భార్య వద్దన్నా వినలేదు.

ఆమె వచ్చిన మరునాడే షార్జా నుంచి కబురు. కొడుకు యాసర్ పనిచేసే పడవ సముద్రంలో తిరగబడింది. యాసర్, అతని జోడీ సిరిసిల్ల వేణు కనిపించడం లేదు.

ఇంట్లో ఎవరూ గడప దాటలేదు. పోవడానికి దారీ లేదు, పోయి చేసేదీ లేదు. హుస్సేన్‌బీ చేతిలోంచి ఫోన్ దించడం లేదు.

ఆంధ్రామె కంప్యూటర్ మూత దించడం లేదు. తెర నిండా నీలం రంగు, దాని మీద కదిలే బాణాలు.

"మా పోరడు ఆపతిల ఉంటే, ఈమెకు ఆటలు గావాలె," అంది హుస్సేన్‌బీ.

అంతకుముందే ఆంధ్రామె నౌషీన్‌ను పక్కకు పిలిచి ఏవేవో అడిగింది. పడవ ఎక్కడ తిరగబడింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఒంటి మీద తేలే జాకెట్లు ఉన్నాయా అని. ఎందుకని అడిగితే, ఊరికేనండి అంది. నౌషీన్ షార్జాకు ఫోన్ చేసి, తెలిసినంత చెప్పింది. పోలీసులకు మల్లే ఆరా తీస్తోందని అత్త మండిపడింది.

మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. ఫోన్ కీచుమంది.

హుస్సేన్‌బీ ముందుగదిలోకి వెళ్లి ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది.

"అమ్మా, సగంలో ఉందండి. ఇంకొంచెంసేపు ఉంచండి. దీని బ్యాటరీ పాడైపోయింది."

"నా కొడుకు ఫోన్ చేస్తే ఎట్ల తెల్వాలె? నీ ఆట పొద్దుగూకినంక ఆడుకో."

ఆమె ఏదో చెప్పబోయింది. పెద్దామె చేతిలోని ఫోన్ చూసి ఆగిపోయింది.

కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

తెల్లారి పెళ్లివాళ్ల జీపు ఏదో దొరికితే, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఉండమని హుస్సేన్‌బీ అనలేదు.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. యాసర్ గొంతు. ఆసుపత్రి నుంచి.

హుస్సేన్‌బీ ఏడ్చేసింది. నౌషీన్ స్పీకర్ పెట్టింది.

"అంత సముద్రంల ఎక్కడని దేవులాడుతరు అమ్మీ? హైదరాబాద్‌ల సముద్రం ఆఫీసు ఉన్నదంట. అండ్ల ఒక మేడం, పోటు ఎటు గుంజుతది, నీళ్లు ఎటు తోస్తయి అని కంప్యూటర్ల లెక్క కడ్తదంట. ఆమె చెప్పిన జాగకే రాత్రి బోటు సీదా వచ్చింది."

నౌషీన్ ముందుగది వైపు చూసింది.

"మరి వేణు?" అడిగాడు ఫజలుద్దీన్.



"చీకటి పడేదాక నా చెయ్యి ఇడువలేదు అబ్బా. లెక్క మధ్యాహ్నమే రావాల్సుండె. మేడం ఏదో పెళ్లికి పోయిందంట. గా ఊళ్లె కరెంటు పోయిందని చెప్పిందంట."

ఆమె పేరేమిటో ఇంట్లో ఎవరూ అడిగి ఉండలేదు.

ఆ పూట అన్నం ముందు ముగ్గురూ కూర్చున్నారు. హుస్సేన్‌బీ పళ్లెం పక్కకు జరిపింది.

"రేపు నేను సిరిసిల్లకు పోత."

బస్సులు లేవని ఫజలుద్దీన్ గుర్తుచేశాడు. పలకరింపుకు సమ్మె అయ్యాక పోవచ్చన్నాడు.

"పలకరింపుకు కాదు," అంది హుస్సేన్‌బీ. "వేణు వాళ్లమ్మకు చెప్పాలె. కరెంటు పోయి కాదు, నేను ప్లగ్గు గుంజితే అని."